ఎనిమిదో పనిముట్టు

మడతలమ్మ వేళ్లు ముందుగా సంచి అంచుల వెంట నడిచాయి. కూర్చునే పీటంత వెడల్పు, రెండు దిండ్లంత మందం ఉన్న కాన్వాసు సంచి అది. నాలుగు వైపుల నుంచి నాలుగు రెక్కలు వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. వాటిని పట్టి ఉంచిన పిన్నుల మీద ఎర్ర దారం, దారం కొసన బఠాణీ గింజంత సీసపు ముద్ర. నలభై నాలుగేళ్ల కిందట ఆ ముడి వేసింది కూడా ఈ వేళ్లే.

"అక్కా, ఇంకొక్కసారి ఆలోచించండి," అన్నాడు పక్కన నిలబడ్డ లిఫ్టు మేస్త్రి. "ముద్ర చెదరని పారాషూట్ దొరకడం అంటే మాటలు కాదు. ఒకసారి కత్తిరించాక మళ్లీ రమ్మంటే రాదు."

"ముద్ర మిగుల్తుంది మేస్త్రీ, లోపల గుడ్డ మిగలదు. ఇన్నేళ్లు ఒకే మడత మీద ఉంటే నైలాన్ అక్కడే చిట్లుతుంది. ఇప్పటికే ఆలస్యం."

ఆ మాట నిజమే. కానీ ఆవిడ మనసులో ఉన్న నిజంలో అది సగం కూడా కాదు.

అది బాడ్మింటన్ హాలు. పారాషూట్‌ని తాళ్లతో సహా సాగదీసి పరచాలంటే పన్నెండు మీటర్ల బల్ల కావాలి. అంత బల్ల ఎవరి దగ్గరా లేదు కాబట్టి మేస్త్రి పక్క స్కూలు వాళ్లను బతిమాలి భోజనాల బల్లలు ఏడు తెచ్చి వరసగా కలిపాడు. వాటి కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు రసమట్టంతో సరిచూశాడు. పైన ఉతికిన దుప్పట్లు ముడత లేకుండా లాగి కట్టాడు. అది చూశాకే మడతలమ్మకు ఆయన మీద గురి కుదిరింది. కబుర్లు ఎవరైనా చెబుతారు. బల్ల మట్టం చేసేవాళ్లే తక్కువ.

మేస్త్రి ముప్ఫై అయిదేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. జీవితమంతా పైకీ కిందికీ తిరిగాడే గాని విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ కిటికీ పక్కన చోటు దొరకలేదు. ఆ లోటు తీర్చుకోవడానికో ఏమో, పాత వైమానిక దళం సామాను పోగుచెయ్యడం మొదలెట్టాడు. టోపీ బిళ్లలు, పగిలిన కళ్లద్దాలు, జత తప్పిన ఒంటి చేతితొడుగు, విమానం ముందు పలకలోంచి ఊడదీసిన గడియారాలు, ఎత్తు చూపించే ముల్లు మీటర్లు, మేకులు కొట్టిన రెక్క ముక్క. ఇంట్లో రెండు గదులు వాటికే పోయాయి. ఆ గదిలోకి చీపురు వెళ్లాలన్నా అనుమతి కాగితం కావాలని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

పిచ్చే అయినా పద్ధతి ఉన్న పిచ్చి. ఏ వస్తువునీ మెరుగుపెట్టడు. తుప్పు ఉంటే ఉన్నచోటే ఆపుతాడు గాని గీకడు. బిళ్ల చేతికొస్తే ముందు బొమ్మ వైపు కాదు, వెనక వైపు చూస్తాడు. కొత్తగా పోతపోసిన దొంగ సరుకైతే ఆకురాయి గీతలు అక్కడ పట్టుబడతాయి. కాగితం లేని సామాను సగం సామానే అంటాడు. అందుకే మూతపడ్డ గోడౌను వేలంలో ఈ పారాషూట్ దొరికినప్పుడు, ఆయన ముందు సంచి చూడలేదు. దాని పక్క జేబులో ఉన్న కార్డు చూశాడు. ఏ తేదీన ఎవరు మడిచారు, ఎవరు తనిఖీ చేశారు, విమానంలోకి ఎన్నిసార్లు వెళ్లింది, అన్నీ అందులో ఉంటాయి. చివరిసారి మడిచినవాళ్ల సంతకం గొలుసుకట్టు గీతల్లా కాకుండా ముత్యాల్లా ఉంది, కింద ఉద్యోగి నంబరు. ఆ నంబరు పట్టుకుని మూడు నెలలు రిటైరైన వాళ్లందరికీ ఫోన్లు చేసి, ఆఖరికి మడతలమ్మ కొట్టు కనుక్కున్నాడు.

కొట్టు ఆవిడదీ, కోడలిదీ. కారు కవర్లు, కిటికీ పరదాలు, దుకాణాల ముందు ఎండకు కట్టే గుడ్డలు కుడతారు. కుట్టు ఎవరైనా కుట్టొచ్చు గాని కుట్టినదాన్ని మడిచి ఇవ్వడంలో ఆవిడ చెయ్యి వేరు. లారీ కవరు కూడా ఆవిడ మడిస్తే పుస్తకంలా ఉంటుంది. ఆ వీధి పెట్టిన పేరే మడతలమ్మ. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

మేస్త్రి వచ్చి ఆ కార్డు కత్తిరింపు బల్ల మీద పెట్టినప్పుడు, ఆవిడ చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. అత్తయ్య కత్తెర దారి మధ్యలో ఆగడం కోడలు పదకొండేళ్లలో అదే మొదటిసారి చూసింది. ఆవిడ సంతకం చూడలేదు. తేదీ చూసింది. వెనక్కి తిప్పి చూస్తే, ఆ తరవాత దాన్ని ఎవరూ విప్పలేదని, కొన్ని నెలలకు కాలం చెల్లిందని ముద్ర కొట్టి ఉంది. మ్యూజియం వాళ్లు దీన్ని తీసుకుంటామన్నారనీ, పాత పద్ధతిలో విప్పి ఆరబెట్టి తిరిగి మడిచేవాళ్లు కావాలనీ మేస్త్రి చెబుతుంటే, మాట పూర్తి కాకుండానే "నేనే చేస్తాను" అంది.

ఆ తేదీన జరిగింది ఇదీ.

ఇరవై నాలుగేళ్ల వయసులో ఆవిడ పారాషూట్లు మడిచే విభాగంలో పనిచేసేది. ఆరు బల్లలు, ఆరుగురు ఆడవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక పనిముట్ల పెట్టె. అందులో గుడ్డను కదలకుండా నొక్కిపెట్టే సీసపు గుళ్ల సంచులు అయిదు, మడత సర్దే చెక్క బద్ద ఒకటి, తాత్కాలికంగా గుచ్చే పిన్ను ఒకటి, తాళ్లను లూపుల్లోంచి లాగే ఇనుప కొక్కెం ఒకటి. మొత్తం ఎనిమిది. ప్రతి పారాషూట్ మూసే ముందు ఎనిమిదీ లెక్కపెట్టి బల్ల మీద వరసగా పరచాలి, తనిఖీ అధికారి చూడాలి, అప్పుడే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా ఆ రోజు ఆరు బల్లల మీద మడిచినవన్నీ వెనక్కి తెప్పించి విప్పి వెతకాలి. ఎందుకంటే లోపల ఉండిపోయిన పనిముట్టు, పైనుంచి దూకినవాడి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రోజు ఆవిడ ఉద్యోగంలో ఆఖరి రోజు. మర్నాడు పెళ్లి ప్రయాణం. మూడు పారాషూట్లు మడిచింది. మూడోది మూస్తుండగా బయట గ్రూపు ఫొటో తీస్తున్నామని కేకలు. ఫొటోగ్రాఫరు వెళ్లిపోతానంటున్నాడు. తనిఖీ అధికారి కూడా జుట్టు దువ్వుకుంటూ వచ్చి సంతకం గీకేశాడు. ఎనిమిది అని ఆవిడా రాసేసింది. లెక్కపెట్టలేదు. అయిదేళ్లలో లెక్కపెట్టకుండా రాసింది ఆ ఒక్క రోజే.

మర్నాడు పొద్దున పెట్టె అప్పగిస్తే ఏడే ఉన్నాయి. కొక్కెం లేదు. స్టోరులో గుమస్తా మంచివాడు, ఎక్కడో నేల మీద పడి ఉంటుందిలే అని పాతది ఒకటి తీసి పెట్టెలో వేసి లెక్క సరిచేశాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిస్తే పద్దెనిమిది పారాషూట్లు విప్పాలి, అందులో కొన్ని అప్పటికే విమానాల్లోకి వెళ్లాయి, తనిఖీ అధికారి ఉద్యోగం పోతుంది, గుమ్మంలో బండి ఆగి ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని బండెక్కింది.

అప్పటి నుంచి పేపర్లో విమానం వార్త వస్తే ముందు తేదీ చూసేది. పారాషూట్ తెరుచుకోలేదన్న మాట ఎక్కడ విన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. మొగుడికి చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఆ కొక్కెం ఆ మూడోదాంట్లో ఉండొచ్చు, దేంట్లోనూ లేకపోనూవచ్చు, ఆ రోజు మడిచిన మూడింటిలో ఈ సంచి ఎన్నోదో కార్డు చెప్పదు. ఈ సంచిలో ఉంటే మాత్రం, దీన్ని ఎవరూ ఎప్పుడూ లాగలేదు కాబట్టి, ఎవరికీ ఏమీ కాలేదన్నమాట. లేకపోతే ఆ మిగతా రెండింటి మాట తెలిసే దారే లేదు.

ఎవరైనా తమ తప్పు బయటపడకూడదని మొక్కుకుంటారు. మడతలమ్మ తన తప్పు ఇందులోనే దొరకాలని మొక్కుకుంది.

మేస్త్రి బాధ చూడలేక ఆవిడ ఒక పని చేసింది. ముడిని గాని, ముద్రను గాని తాకకుండా, దారాన్ని పిన్ను దగ్గర కత్తిరించింది. ముద్రా, ముడీ, ఎర్ర దారమూ చెదరకుండా ఊడి వచ్చాయి. వాటిని ఆయన అరచేతిలో పెడితే, ఆయన దూది పరిచిన డబ్బాలో దాచుకుని, ఇక కానివ్వండి అన్నట్టు తలూపాడు.

ఆవిడ పక్కనున్న ఎర్ర పిడి లాగింది. పిన్నులు జారాయి. రెక్కలు నాలుగూ విచ్చుకుని, లోపల స్ప్రింగు మీద కూర్చున్న, పెద్ద గుడ్డను బయటికి లాగే చిన్న గొడుగు ఎగిరి కోడలి భుజం మీద పడింది. కోడలు రెండడుగులు వెనక్కి వేసి, చెప్పి లాగొచ్చుగా అత్తయ్యా అని సణిగింది. ఇన్నేళ్ల తరవాతా అది ఎగిరినందుకు మడతలమ్మకు లోలోపల కాస్త గర్వం వేసింది.

తరవాత పెద్ద గుడ్డ. ఒక్కో మడతా విప్పుతూ ఆవిడ చెయ్యి అడుగున దూర్చి చివరిదాకా తడిమింది. తెల్లటి నైలాన్ కాస్త పసుపు తిరిగింది, మడతల దగ్గర కాగితంలా చప్పుడు చేస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. కలిపి కుట్టిన ఇరవై నాలుగు గుడ్డ పట్టీల్నీ రెండు వైపులకీ పుస్తకంలా తిప్పింది. ఏమీ లేదు. మేస్త్రి ఆవిడ గుడ్డ చిరుగుల కోసం వెతుకుతోందనుకుని, తనూ వంగి చూస్తూ బాగుంది, బాగుంది అంటున్నాడు. కోడలికి మాత్రం అత్తయ్య పెదవులు ఎండిపోవడం కనబడింది. మంచినీళ్లు తాగమంది. తరవాత అంది ఆవిడ.

ఇక మిగిలింది సంచి అడుగున తాళ్లు. జడ పాయల్లా అటూ ఇటూ మడిచి, గుడ్డ లూపుల్లో దూర్చి ఉన్నాయి. ఆవిడ ఒక్కో లూపు లోంచీ ఒక్కో పాయ బయటికి తీసింది. ఎడమ వైపు ఆరు అయ్యాయి. కుడి వైపు ఒకటి, రెండు, మూడు తేలిగ్గా వచ్చాయి. నాలుగోది రాలేదు. ఆవిడ లాగలేదు. వేలు దూర్చింది. వేలికి చల్లగా ఇనుము తగిలింది.

చిటికెన వేలంత పొడవు, గాలం ముల్లులా వంకర. దాని తోకకు కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా ఎర్రగానే ఉంది. అది లోపల మర్చిపోకుండా కనబడాలనే కట్టేవాళ్లు ఆ రిబ్బను.

మడతలమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. కూర్చుని నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోకుండానే నవ్వుతోంది. కోడలు భయపడి వచ్చి వీపు నిమిరింది.

"ఉంది," అంది ఆవిడ. "ఇక్కడే ఉంది. ఎక్కడికీ పోలేదు."

అప్పుడు చెప్పింది, ఫొటో సంగతీ, ఏడు పనిముట్ల సంగతీ, బండెక్కిన సంగతీ. నలభై నాలుగేళ్లు మోసిన మాట పూర్తిగా చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

కోడలు వీపు నిమరడం ఆపింది. తరవాత నెమ్మదిగా అంది: "అయితే ఇన్నేళ్లూ కొట్టు కట్టేసే ముందు నా చేత కత్తెర్లూ సూదులూ లెక్కపెట్టించింది ఇందుకా? నేను దొంగతనం చేస్తాననుకున్నారేమో అని పెళ్లైన కొత్తలో మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా."

"ఏడ్చావా? నాకు చెప్పలేదే."

"మీరు మాత్రం చెప్పారా?"

మేస్త్రి ఓదార్చలేదు. పోనీలెండి అనలేదు. జేబులోంచి పెన్సిలు తీసి, కుడి వైపు ఎన్నో లూపు అని అడిగి రాసుకున్నాడు. వేళ్లతో ఆ లూపు సాగదీసి చూసి, ఇలా ఇరుక్కుంటే దూకినప్పుడు ఏమయ్యేదని అడిగాడు. మడతలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బరువు పడగానే కొక్కెం ఊడిపోయి తాళ్లు మామూలుగా జారి ఉండొచ్చు. ఒక పక్క పట్టేసి గొడుగు ఒరిగిపోయి ఉండొచ్చు. తెలిసినవాళ్లెవరూ లేరు. ఆ సూటి ప్రశ్నే ఆవిడకు ఓదార్పుకంటే హాయిగా ఉంది.

తరవాత ఆవిడే కార్డు అడిగి తీసుకుని వెనక వైపు చదివింది. ఆవిడ మడిచాక విమానంలోకి వెళ్లింది పద్నాలుగుసార్లు. పద్నాలుగుసార్లు ఎవరో ఒకరు దీని మీద కూర్చుని ఆకాశంలోకి వెళ్లి, దూకే అవసరం రాక తిరిగొచ్చారు. ఆ పద్నాలుగు గీతల మీదా వేలు నడిపింది. వాళ్లెవరో ఆవిడకు తెలియదు, ఆవిడెవరో వాళ్లకూ తెలియదు. వాళ్లలో ఒక్కరికైనా దూకాల్సివస్తే ఏమయ్యేదో అన్న బెరుకు మాత్రం ఆవిడతోనే ఉండిపోతుంది. ఉండనీ. దానికి ఆ మాత్రం చోటు ఇవ్వొచ్చు.

ముగ్గురూ కలిసి గుడ్డను హాలు దూలానికి తాడేసి పైకి లాగి వేలాడదీశారు. నెట్టు తీసేసినందుకు మూతి ముడుచుకుని వచ్చిన ఆటగాళ్లు, తెల్లటి గొడుగు చూసి రాకెట్లు చంకన పెట్టుకుని నోళ్లు తెరిచి నిలబడ్డారు. రాత్రంతా గాలి తగలాలంది మడతలమ్మ. మర్నాడు పొద్దున ఆవిడ ఏడున్నర దాకా లేవలేదు. ఎప్పుడూ అయిదుకే లేచే మనిషి. కోడలు ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తృప్తిగా తలుపు దగ్గరికి వేసింది.

పది గంటలకు మళ్లీ బల్ల దగ్గర ఉన్నారు. వెలుతురుకు ఎదురుగా ఒక్కో పట్టీ పట్టి చూస్తే రెండు చోట్ల చీలికలు కనబడ్డాయి. మడతలమ్మ గుడ్డ రంగు దారంతో, కుట్టు కనబడకుండా కాదు, కనబడేలాగే సన్నగా కుట్టింది. బాగుచేసిన చోటు బాగుచేసినట్టు తెలియాలన్నది ఆ విభాగం పద్ధతి. మేస్త్రి పద్ధతీ అదే కావడంతో ఇద్దరికీ వాదన రాలేదు.

వాదన కార్డు దగ్గర వచ్చింది. విప్పినప్పుడు లోపల ఏం కనబడిందో రాయడానికి ఒక గడి ఉంది. మేస్త్రి దాన్ని ఖాళీగా వదిలెయ్యమన్నాడు. కొక్కెం తన గదిలో భద్రంగా ఉంటుంది, ఎవరికీ చూపించను అన్నాడు.

"అందరూ చదివేచోట మీ పేరుకి మచ్చ ఎందుకక్కా? అడిగేవాళ్లు ఎవరున్నారు?"

"కాగితం లేని సామాను సగం సామానే అని మీరే అన్నారు. అబద్ధం రాసిన కాగితం ఉంటే అది పావు వంతు కూడా కాదు. నేను ఒకసారి ఈ కార్డు మీద అబద్ధం రాశాను మేస్త్రీ. ఖాళీగా వదిలితే రెండోసారి రాసినట్టు."

మేస్త్రి కలం మూత తీసి ఇచ్చాడు. ఆవిడ అదే ముత్యాల రాతతో, లోపల ఒక కొక్కెం దొరికింది, గతంలో మడిచినప్పుడు లెక్కపెట్టకపోవడం నా పొరపాటు అని రాసి, తేదీ వేసింది.

ఇక మడత. కోడలు గుడ్డ పై కొస పట్టుకుంటే, మేస్త్రి అటు చివర తాళ్లు బిగువుగా పట్టుకున్నాడు. మడతలమ్మ మధ్యలో నిలబడి పట్టీ మీద పట్టీ వేసుకుంటూ పోయింది. పన్నెండు ఇటు, పన్నెండు అటు, మధ్యలో గాలి దూరే సందు. సీసపు గుళ్ల సంచులు కోడలు కుట్టినవి, చెక్క బద్ద మేస్త్రి చెక్కినది. తాళ్లు లాగడానికి మాత్రం మేస్త్రి తీగ వంచి చేసిన కొత్త కొక్కెం వాడింది. మోకాళ్లు నొప్పెడితే ఆగింది గాని చేతులు ఒక్కచోటా తడబడలేదు. మేస్త్రి ఒకసారి సాయానికి చెయ్యి చాపితే, బద్దతో ఆ చేతి మీద మెల్లగా తట్టి వెనక్కి పంపింది. చిన్న గొడుగును అణిచి రెక్కలు మూసే ముందు ఆగి, కోడల్ని పిలిచింది.

కోడలు పనిముట్లన్నీ దుప్పటి మీద వరసగా పరిచి, ఒక్కోదాన్ని వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టింది. ఎనిమిది. మడతలమ్మ తనే ఇంకోసారి లెక్కపెట్టింది. ఎనిమిది. మేస్త్రిని కూడా లెక్కపెట్టమంది. ఆయన లెక్కపెట్టి తనిఖీ గడిలో సంతకం పెట్టాడు. అప్పుడు పిన్నులు గుచ్చి, కొత్త ఎర్ర దారం ముడివేసి, తన సంతకం పెట్టింది.

మూడింటికి మ్యూజియం ఆవిడ వచ్చింది. చేతికి తెల్ల తొడుగులు వేసుకుని, రసీదులో ఒక వస్తువు అని రాసుకొచ్చిన చోట కార్డు చదివి, రెండు అని దిద్దింది. చదువుతున్నంతసేపూ ఆవిడ ముఖంలో ఏం మార్పు వస్తుందో అని కోడలు చూస్తోంది. మడతలమ్మ చూడలేదు. దుప్పట్ల ముడులు విప్పుతోంది. మ్యూజియం ఆవిడ కార్డు సంచి జేబులో పెట్టి, ఇలాంటి కార్డు మా దగ్గర ఇంకోటి లేదండీ అని మాత్రం అంది. మేస్త్రి కొక్కేనికి చీటీ కట్టి, అట్టపెట్టెలో పెట్టి ముందు ఇచ్చాడు.

సంచిని మడతలమ్మే ఎత్తింది. అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తి, మ్యూజియం ఆవిడ చేతుల్లో పెట్టి, బరువు పూర్తిగా అటు మారేదాకా తన చేతులు తియ్యలేదు.

"ఆ పిడి పట్టుకుని మోయకండమ్మా," అంది. "కింద నుంచి పట్టుకోండి. ఏడాదికోసారి విప్పి ఆరబెట్టాలి. అప్పుడు నన్ను పిలవండి."